ల్యాప్‌టాప్ స్లో అయిందా? డబ్బులు పెట్టేముందు టాస్క్ మేనేజర్ చూడండి

ప్లేస్‌మెంట్స్ దగ్గరపడే టైమ్‌లో ఫస్ట్ ఇయర్‌లో కొన్న ల్యాప్‌టాప్ మొరాయించడం మొదలుపెడుతుంది. వెంటనే అందరూ అడిగేది, "ఏ క్లీనర్ సాఫ్ట్‌వేర్ వేయాలి?" అని. ఏదీ వద్దు. క్లీనర్లు, ర్యామ్ బూస్టర్లు కూడా బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే ప్రోగ్రాములే కదా!

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి ఉంచి, రోజూ చేసే పనే చేయండి. క్రోమ్‌లో పది ట్యాబ్‌లు, పక్కన వీఎస్ కోడ్. ఎప్పుడు స్టక్ అయితే అప్పుడు గ్రాఫ్‌లు చూడండి.

డిస్క్ 100 శాతం దగ్గరే ఉండి, రీడ్ స్పీడ్ మాత్రం 1, 2 ఎంబీ చూపిస్తోందా? చాలామంది ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతారు. 100 శాతం అంటే డేటా ఎక్కువ వెళ్తోందని కాదు, డిస్క్‌కి ఖాళీ లేదని. హార్డ్ డిస్క్ లోపల తిరిగే ప్లేట్ ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే 5400 ఆర్‌పీఎం డిస్క్ ఒక్క చుట్టు తిరగడానికే 11 మిల్లీసెకన్లు పడుతుంది. చిన్న ఫైళ్లు తలో చోట ఉంటే హెడ్ ప్రతిదాని దగ్గరకీ జరగాలి, ప్లేట్ తిరిగొచ్చేదాకా ఆగాలి. సెకనుకి వంద చోట్ల నుంచి చదవడమే దానికి గగనం. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, మామూలు సాటా మోడల్ కూడా వేల చోట్ల నుంచి చదివేస్తుంది.

కానీ అప్పుడే ఆర్డర్ పెట్టకండి. అదే టైమ్‌లో మెమరీ 90 శాతం దాటిందా చూడండి. ర్యామ్ నిండితే విండోస్ కొంత డేటాని డిస్క్‌లోని పేజ్ ఫైల్‌కి తోసేస్తుంది, కాబట్టి డిస్క్ ఊపిరాడకపోవడానికి అసలు కారణం ర్యామ్ కూడా కావచ్చు. 4 జీబీ ఉంటే 8 జీబీ చేయాల్సిందే. ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసేసిన మోడల్స్ ఉంటాయి, అందుకే ముందు మీ మోడల్ నంబర్ వెతకండి. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు.

డిస్క్, మెమరీ బాగానే ఉండి, పని భారం మీద సీపీయూ స్పీడ్ బేస్ స్పీడ్ కంటే కిందకి పడిపోతుంటే అది వేడి సమస్య. ఫ్యాన్‌లో దుమ్ము తీయించి, థర్మల్ పేస్ట్ మార్పించండి. కొన్ని మోడల్స్ ఒరిజినల్ కాని చార్జర్ పెట్టినా స్పీడ్ తగ్గించేస్తాయి.

ఎస్‌ఎస్‌డీ కొనేవాళ్లకి ఒక మాట. ఎం.2 స్లాట్ ఉందని సంబరపడొద్దు, అది సాటాకి మాత్రమే పనిచేసేదైతే ఎన్‌వీఎంఈ నడవదు. డిస్క్ విప్పకముందే ప్రాజెక్ట్ ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి. లేకపోతే సెమిస్టర్ మొత్తం కష్టం తాళం వెనకే ఉండిపోతుంది.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా దాదాపు 8వ జనరేషన్ ఇంటెల్ నుంచే. అంతకంటే పాతదైతే లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది, కానీ కొన్ని ఆన్‌లైన్ పరీక్షల ప్రాక్టరింగ్ యాప్‌లు లినక్స్‌లో పనిచేయవు. మార్చేముందు మీ కాలేజీ ప్లేస్‌మెంట్ టెస్ట్ ఏ యాప్‌లో పెడతారో కనుక్కోండి.