ఇంటి కంప్యూటరుకు కావలి: ఉచితమా, వెల పెట్టి కొనవలెనా?

పిల్లల చదువునకు, మిరప, పత్తి అమ్మకపు లెక్కలకు, బ్యాంకు వ్యవహారములకు పెదకూరపాడు వంటి గ్రామములలో సైతము ఇండ్లకు కంప్యూటర్లు వచ్చినవి. వానితోపాటే ఒక సందేహము వచ్చినది. వైరస్‌లను అడ్డగించు యాంటీవైరస్ ఉచితముగా దొరకునది చాలునా, ఏటేట రుసుము చెల్లించి కొనవలెనా? గ్రామస్థులు ఇట్టి సలహాకు పంచాయతీ సభ్యులనే ఆశ్రయింతురు గనుక ఈ విషయమును సభ్యుల ముందుంచుచున్నాము.

గడియ వేయని తలుపు

2017 మే 12వ తేదీన వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము విజృంభించి దాదాపు 150 దేశములకు వ్యాపించినది. అది ఫైళ్లకు తాళము వేసి, తీయుటకు 300 డాలర్లు అడిగినది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత పడినవి. వానిలో గుంటూరు జిల్లావియు కలవు. పెదకూరపాడు నాడు ఆ జిల్లాలోనిదే. విచారకరమైన సంగతి యేమనగా, ఆ లోపమును సరిచేయు సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండెను. కావలివాడెంతటివాడైనను తలుపునకు గడియ లేనిచో ఫలమేమి? కావున అప్‌డేట్‌లను వాయిదా వేయరాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. వీలున్న యంత్రములను విండోస్ 11కు మార్చుకొనవలెను.

ఉచిత రక్షణ

విండోస్ 10, 11లలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ముందే అమర్చబడియుండును. దానికి వేరుగా వెల లేదు. అవాస్ట్, అవీరా వంటి సంస్థలును ఉచిత రకములను ఇచ్చుచున్నవి. అయితే ఇచ్చట రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, వాడువారి ఇంటర్నెట్ సంచార వివరములను అమ్మినదను అభియోగముపై 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అవాస్ట్ సంస్థచే 165 లక్షల డాలర్లు చెల్లింపజేసినది. ఉచితమునకు సైతము ఎక్కడో మూల్యముండవచ్చును. రెండవది, ఇట్టి రకములు పెక్కు సొంత వాడుకకే అనుమతింపబడినవి. కార్యాలయములలో, దుకాణములలో వాడరాదు.

వెల పెట్టిన రక్షణ

పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కె7 మన దేశపు సంస్థలే. రుసుము చెల్లించినచో వైరస్ పట్టుటయే గాక, పిల్లలు చూడదగని వానిని అడ్డగించుట, పెక్కు యంత్రములకు ఒకే లైసెన్సు, చిక్కు వచ్చినపుడు సహాయము వంటి సౌకర్యములు లభించును. ఇవి అవసరమైన ఇంటికి ఆ వ్యయము సార్థకమే. ఒక్క కంప్యూటరుతో జాగ్రత్తగా మెలగు కుటుంబమునకు డిఫెండర్ చాలునని మా అభిప్రాయము. కొనువారు మొదటి యేటి ధరనే గాక, మరుసటి యేటి ధరను కూడ విచారింపవలెను.

సభ్యులు చెప్పవలసిన మాటలు

1. రెండు యాంటీవైరస్‌లను ఒకేసారి నడుపరాదు. అవి ఒకదానినొకటి అడ్డుకొని యంత్రమును మందగింపజేయును.

2. గడువు తీరినదానిని పునరుద్ధరింపవలెను, లేదా పూర్తిగా తొలగించి డిఫెండర్ పనిచేయుచున్నదో లేదో చూడవలెను.

3. దొంగ లైసెన్సుతో పెట్టినదానిని అంగీకరింపరాదు. లేబులు లేని పురుగుమందును మిరప రైతు కొనడు గదా!

4. "మీ యంత్రమున వైరస్ కలదు, ఈ నంబరుకు ఫోను చేయుడు" అని తెరపై కనిపించినచో నమ్మరాదు.

5. ముఖ్యమైన ఫైళ్ల ప్రతిని వేరొక డిస్కుపై ఉంచి, దానిని కంప్యూటరు నుండి విడదీసి దాచవలెను.

6. బయటి కంప్యూటరులో పెట్టిన పెన్‌డ్రైవును పరీక్షింపక తెరువరాదు.

కేంద్ర ప్రభుత్వము 2017 ఫిబ్రవరి 21న ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము, యంత్రములలో చొరబడినవానిని తొలగించు సాధనములను ఉచితముగా అందించుచున్నది. సొమ్ము పోయినచో క్షణమైనను జాగు చేయక 1930కి ఫోను చేయవలెను.

నేడు పంచాయతీ చెల్లింపులు డిజిటల్ సంతకములతో జరుగుచున్నవి. ఆ సంతకపు తాళపుచెవిని రక్షణ లేని ఇంటి కంప్యూటరునకు తగిలించుట గ్రామనిధిని వీథిలో ఉంచుటయే. ఇంటి కావలి ఇంటికే పరిమితము కాదు. అది గ్రామమునకును కావలియే. సభ్యులు ముందు తమ ఇంటి యంత్రమును చక్కబరచుకొని, పిమ్మట ఇరుగుపొరుగునకు తెలుపుదురు గాక.