లెక్కలోకి వచ్చేదెవరు?

వ్యాపార సంస్థల సుస్థిరతను, సామాజిక బాధ్యతను కొలిచే విధానంపై ఒక పాఠం

ప్రతి ఉదయం మారతహళ్ళి వంతెన వద్ద రెండు ప్రవాహాలు కనిపిస్తాయి. మొదటిది బయటి వలయ రహదారి వెంట ఉన్న కార్యాలయ ప్రాంగణాల వైపు సాగే మనుషుల ప్రవాహం. సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, పారిశుద్ధ్య కార్మికులు, క్యాంటీన్ వంటవారు అందులో ఉంటారు. అనంతపురం, కర్నూలు, చిత్తూరు మొదలుకొని శ్రీకాకుళం వరకు, అటు తెలంగాణ జిల్లాల నుండి కూడా బ్రతుకుతెరువు కోసం వచ్చిన తెలుగువారు వారిలో అనేకులు. రెండవది నీటి ట్యాంకర్ల ప్రవాహం. సాయంత్రానికి మనుషులు తిరిగి వస్తారు. నీరు మాత్రం మురుగుగా మారి వేరొక దారిన పోతుంది.

సంవత్సరాంతాన ఆ ప్రాంగణంలోని పెద్ద సంస్థ ఒక నివేదికను ప్రచురిస్తుంది. తాను ఎంత నీరు వాడినదీ, ఎంతమందికి ఉపాధి కల్పించినదీ, సమాజానికి ఎంత ఖర్చు చేసినదీ అందులో చెబుతుంది. ఆ నివేదిక ఎవరిని, దేనిని లెక్కలోకి తీసుకున్నది, ఎవరిని వెలుపల ఉంచినది అన్నదే ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్న. ఇందుకు గణితశాస్త్ర పాండిత్యం అవసరం లేదు. ఇంటి జమాఖర్చులు వ్రాయడం తెలిసినవారెవరైనా దీనిని గ్రహించగలరు.

1. రెండు వేర్వేరు ప్రశ్నలు

ఒక సంస్థ సమాజం పట్ల బాధ్యతతో ఉన్నదా అని తెలుసుకోవడానికి రెండు ప్రశ్నలు అడగాలి. సంపాదించిన దానిలో నుండి ఎంత ఇచ్చింది? అసలు ఎలా సంపాదించింది? ఈ రెండింటినీ భారతదేశంలో రెండు వేర్వేరు నిబంధనలు కొలుస్తున్నాయి.

మొదటి ప్రశ్నకు 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షను సమాధానం కోరుతుంది. ఇది 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. గడచిన ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్ల రూపాయలు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని, లేక అంతకు మించి గాని ఉన్న కంపెనీ, గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. తాను పనిచేసే పరిసర ప్రాంతాలకు ప్రాధాన్యమివ్వాలి. తన ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పనులను ఇందులో చూపరాదు.

రెండవ ప్రశ్నకు సెబీ 2021 మే నెలలో ప్రవేశపెట్టిన వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక సమాధానం కోరుతుంది. దీనిని బీఆర్‌ఎస్‌ఆర్ అని వ్యవహరిస్తారు. మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1,000 స్థానాలలో ఉన్న లిస్టెడ్ కంపెనీలకు ఇది 2022-23 ఆర్థిక సంవత్సరం నుండి తప్పనిసరి అయింది. నీరు, విద్యుత్తు, వ్యర్థాలు, ఉద్గారాలు, వేతనాలు, ప్రమాదాలు, ఫిర్యాదులు మొదలైన అంశాలను అంకెలలో చూపించాలి. ఎంపిక చేసిన కొన్ని అంశాలను బయటివారిచే తనిఖీ చేయించే పద్ధతి 2023-24లో మొదటి 150 కంపెనీలతో ఆరంభమైంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. బయటి వలయ రహదారి మీద ఉన్న కార్యాలయాలలో చాలా భాగం విదేశీ కంపెనీల అనుబంధ సంస్థలవి. భారతీయ స్టాక్ ఎక్స్ఛేంజిలలో నమోదు కాని అటువంటి సంస్థకు బీఆర్‌ఎస్‌ఆర్ నిబంధన వర్తించదు. లాభం పరిమితిని దాటితే 135వ సెక్షను మాత్రం వర్తిస్తుంది. అంటే ఆ సంస్థ ఎంత ఇచ్చిందో చెప్పవలసి ఉంటుంది గాని, ఎలా సంపాదించిందో ఈ రూపంలో చెప్పవలసిన నిర్బంధం లేదు.

2. సత్యం ఉదంతం చెప్పే పాఠం

ఈ రెండు ప్రశ్నలను కలిపివేస్తే ఏమవుతుందో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. హైదరాబాదు కేంద్రంగా ఎదిగిన సత్యం కంప్యూటర్స్ అధినేత చేయూతతో 2005 ఆగస్టు 15న 108 అత్యవసర వైద్య సేవ మొదలైంది. అది ఎందరో ప్రాణాలను కాపాడిన సేవ. సుపరిపాలనకు గాను 2008లో ఆ కంపెనీకి గోల్డెన్ పీకాక్ అంతర్జాతీయ పురస్కారం లభించింది. కొద్ది నెలలకే, 2009 జనవరి 7న, ఖాతాలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని సంస్థాపకుడు లేఖ ద్వారా అంగీకరించారు. పురస్కారం రద్దయింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులను దోషులుగా తేల్చింది.

అంబులెన్సు అబద్ధం కాదు, ఖాతా అబద్ధం. ఒకటి నిజమైనందువల్ల రెండవది నిజం కాలేదు. దానగుణాన్ని చూసి వ్యాపార పద్ధతిని అంచనా వేయరాదన్నది ఆనాడు ఉద్యోగులు, మదుపరులు, వారి కుటుంబాలు మిక్కిలి మూల్యం చెల్లించి నేర్చుకున్న పాఠం.

3. నీటి లెక్క: మొత్తమా, నిష్పత్తా?

ఊహాత్మకమైన ఒక సంస్థను ఉదాహరణగా తీసుకుందాం. మొదటి ఏడాది దాని టర్నోవరు 500 కోట్లు, వాడిన నీరు 1,00,000 కిలోలీటర్లు. అంటే కోటి రూపాయల టర్నోవరుకు 200 కిలోలీటర్లు. మూడేళ్ళ తరువాత టర్నోవరు 800 కోట్లకు, నీటి వాడకం 1,20,000 కిలోలీటర్లకు పెరిగాయి. ఇప్పుడు కోటికి 150 కిలోలీటర్లు. ‘నీటి వినియోగ తీవ్రతను 25 శాతం తగ్గించాము’ అని సంస్థ ప్రకటిస్తే అది అసత్యం కాదు. కాని నేల నుండి, నది నుండి తీసుకున్న నీరు 20 శాతం పెరిగింది. బోరుబావికి టర్నోవరుతో సంబంధం లేదు. అందుచేత నిష్పత్తి పక్కనే మొత్తాన్ని కూడా చదవాలి. బీఆర్‌ఎస్‌ఆర్‌లో రెండూ ఉంటాయి. ప్రచార పత్రాలలో తరచుగా అనుకూలమైనది ఒక్కటే ఉంటుంది.

నీరు ఎక్కడిదన్నది తరువాతి ప్రశ్న. నివేదికలో ఉపరితల జలం, భూగర్భ జలం, ఇతరుల ద్వారా పొందిన నీరు మొదలైన వరుసలు ఉంటాయి. సంస్థ సొంత బోరు నుండి తోడితే భూగర్భ జలం వరుసలో పడుతుంది. అదే నీటిని నగర శివారు గ్రామంలోని బోరు నుండి ట్యాంకరు తెచ్చి పోస్తే ‘ఇతరుల ద్వారా పొందిన నీరు’ అవుతుంది. సంస్థ భూగర్భ జల వినియోగం కాగితం మీద తగ్గుతుంది. గ్రామంలోని నీటిమట్టం మాత్రం తగ్గుతూనే ఉంటుంది.

2024 మార్చిలో బెంగళూరులో నీటి ఎద్దడి తీవ్రమైనప్పుడు జలమండలి వాహనాలు కడగడానికి, తోటల పెంపకానికి, నిర్మాణ పనులకు త్రాగునీటి వాడకాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా విధించింది. ఆ నెలలో మారతహళ్ళిలోని హాస్టళ్ళలో, అద్దె ఇళ్ళలో ఉన్నవారు బకెట్లు లెక్కపెట్టుకొన్నారు. తమ వాటాను లెక్కపెట్టుకొన్నవారికి పక్క ప్రాంగణపు వాటాను అడిగే అర్హత ఉంది.

4. మనుషుల లెక్క: శాశ్వతులు, శాశ్వతేతరులు

బీఆర్‌ఎస్‌ఆర్ సిబ్బందిని శాశ్వత, శాశ్వతేతర అనే రెండు తరగతులుగా చూపమంటుంది. ఆరోగ్య బీమా, ప్రమాద బీమా, ప్రసూతి సౌకర్యం ఎందరికి ఉన్నాయో తరగతుల వారీగా తెలపాలి. కాంట్రాక్టు ఏజెన్సీ ద్వారా వచ్చిన సెక్యూరిటీ గార్డు గాని, పారిశుద్ధ్య కార్మికురాలు గాని నివేదికలో కనిపించేది ఈ రెండవ తరగతిలోనే. ఆ గడి ఖాళీగా ఉంటే, లేక ప్రాంగణం పరిమాణానికి పొంతన లేనంత చిన్న సంఖ్య ఉంటే, కొందరు మనుషులు లెక్క తప్పారేమోనని అడగవలసి ఉంటుంది.

దీని పర్యవసానం చిన్నది కాదు. ప్రమాదాల రేటును పది లక్షల పని గంటలకు ఇన్ని అని లెక్కిస్తారు. ఒక ఊహాత్మక ప్రాంగణంలో శాశ్వత సిబ్బంది 30 లక్షల గంటలు పనిచేయగా ఒక్క ప్రమాదమూ జరగలేదు. కాంట్రాక్టు కార్మికులు 10 లక్షల గంటలు పనిచేయగా నలుగురు గాయపడి విధులకు దూరమయ్యారు. శాశ్వత సిబ్బందిని మాత్రమే లెక్కిస్తే రేటు సున్న. అందరినీ కలిపితే 1. కాంట్రాక్టు కార్మికులను విడిగా చూస్తే 4. ప్రాంగణం ఒకటే, సంవత్సరం ఒకటే. ఎవరిని లెక్కించారన్న దానిని బట్టి సమాధానం మారింది.

కాంట్రాక్టరు వేతనం చెల్లించకపోతే ప్రధాన యజమాని చెల్లించాలన్న సూత్రం భారతీయ కార్మిక చట్టాలలో 1970 నుండి ఉంది. కాబట్టి ‘వారు మా ఉద్యోగులు కారు’ అన్న మాటతో బాధ్యత ముగియదు.

వాహనాల పొగకూ ఇటువంటి సరిహద్దే ఉంది. సంస్థ సొంత జనరేటరులో మండే డీజిలు మొదటి పరిధి ఉద్గారం. కొనుగోలు చేసిన విద్యుత్తు రెండవ పరిధి. ఈ రెండింటినీ తప్పక చూపాలి. ఉద్యోగుల రాకపోకలు, అద్దె క్యాబులు, కొనుగోలు చేసిన వస్తువుల తయారీ మొదలైనవి మూడవ పరిధి. అది బీఆర్‌ఎస్‌ఆర్‌లో ఐచ్ఛికమైన సూచికలలో చేరింది. వంతెన కింద నిలబడి పీల్చే పొగలో అధిక భాగం ఆ ఐచ్ఛిక గడికి చెందినదే.

5. చెరువు లెక్క: చేసిన పని, కలిగిన ఫలితం

మారతహళ్ళికి సమీపంలోని బెళ్ళందూరు చెరువు నగరంలో అతి పెద్దది. శుద్ధి కాని మురుగునీరు, డిటర్జెంట్ల కారణంగా దాని మీద నురుగు పేరుకొని రోడ్ల మీదికి ఎగసిపడింది. 2015, 2017, 2018 సంవత్సరాలలో చెరువు మీద మంటలు లేచాయి. ఆ నీరు వర్తూరు చెరువు మీదుగా దక్షిణ పినాకినిలో కలిసి తమిళనాడుకు పోతుంది. అనంతపురం, కడప, నెల్లూరు జిల్లాలను తడిపే పెన్నకు, అంటే ఉత్తర పినాకినికి, అది తోబుట్టువు వంటిది. రెండూ నంది కొండల ప్రాంతంలోనే పుట్టాయి.

చెరువుల పునరుద్ధరణకు కంపెనీలు సామాజిక బాధ్యత నిధులు ఇవ్వడం నగరంలో వాడుకే. అటువంటి పనిని మూడు మెట్లలో కొలవాలి. ఎన్ని రూపాయలు ఖర్చయ్యాయన్నది మొదటి మెట్టు. ఎంత పూడిక తీశారు, ఎంత కంచె వేశారన్నది రెండవది. నీరు బాగుపడిందా అన్నది మూడవది. చేపల మనుగడకు అనువైన నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల కరిగిన ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ. గట్టు మీద నడకదారి, దీపాలు అందంగానే ఉండవచ్చు. చేపకు కావలసినది ఆ నాలుగు మిల్లీగ్రాములు. సగటున ఏటా 10 కోట్లు లేక అంతకు మించి వెచ్చించవలసిన కంపెనీలు, కోటి రూపాయలు అంతకు పైబడిన పథకాల ఫలితాలను స్వతంత్ర సంస్థచే మదింపు చేయించాలని 2021 నాటి సవరణ నిర్దేశించింది. మూడవ మెట్టును చట్టం కూడా గుర్తించిందన్నమాట.

6. లెక్క వినే సభ

కొలత సరైనదో కాదో ఎవరు చెప్పగలరు? దీనికి తెలుగునాట ఒక పూర్వోదాహరణ ఉంది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. నాటి ఆంధ్రప్రదేశ్ ఆ పథకంలో సామాజిక తనిఖీని క్రమబద్ధంగా చేపట్టిన రాష్ట్రాలలో అగ్రగామి అయింది. మస్టరు రోలులోని పేర్లను, పని దినాలను, చెల్లింపులను గ్రామస్థుల ఎదుట చదివి వినిపించేవారు. ‘నేను ఆ రోజు పనికి పోలేదు’, ‘నాకు ఆ డబ్బు అందలేదు’ అని చెప్పగలిగిన మనిషి అక్కడే ఉండేవాడు. ఎవరిని గురించి లెక్క వ్రాశారో వారే దానిని విని సరిచూడడం ఆ పద్ధతిలోని ప్రాణం.

కార్యాలయ ప్రాంగణానికి అటువంటి గ్రామసభ లేదు. నివేదిక ఆంగ్లంలో, వందల పుటలలో, మదుపరుల కోసం వెలువడుతుంది. అయితే అది రహస్యం కాదు. లిస్టెడ్ కంపెనీ బీఆర్‌ఎస్‌ఆర్ దాని వెబ్‌సైటులోను, స్టాక్ ఎక్స్ఛేంజి వెబ్‌సైటులోను లభిస్తుంది. సామాజిక బాధ్యత ఖర్చుల వివరాలు కేంద్ర ప్రభుత్వపు జాతీయ సీఎస్ఆర్ పోర్టలులో ఉంటాయి. ఆంగ్లం చదవగలిగిన ఉద్యోగి ఒక సాయంత్రం ఆ రెండు పుటలను తన ప్రాంగణపు గార్డుకు తెలుగులో చదివి వినిపిస్తే, చిన్నదే అయినా ఒక సభ జరిగినట్లే.

అభ్యాసం

ఏదైనా ఒక లిస్టెడ్ కంపెనీ తాజా నివేదికను తీసుకొని ఈ క్రింది ప్రశ్నలకు జవాబులు వ్రాయండి.

1. నీటి వాడకం మొత్తం గత ఏడాదికంటె పెరిగిందా, తగ్గిందా? నిష్పత్తి ఏమి చెబుతున్నది? రెండూ ఒకే మాట చెబుతున్నాయా?

2. ఇతరుల ద్వారా పొందిన నీరు ఎంత? అది నగర కుళాయి నీరా, ట్యాంకరు నీరా అన్న వివరణ ఉన్నదా?

3. శాశ్వతేతర సిబ్బంది ఎందరు? వారిలో ఆరోగ్య బీమా ఎందరికి ఉన్నది?

4. ప్రమాదాల లెక్కలో కాంట్రాక్టు కార్మికులు చేరారా?

5. సామాజిక బాధ్యత పథకాలలో ఒకదానిని ఎంచుకోండి. నివేదిక ఎన్నవ మెట్టు వద్ద ఆగింది: ఖర్చా, పనా, ఫలితమా?

6. మీ ప్రాంగణంలో మీరు ప్రతిరోజూ చూసే ఒక వ్యక్తిని తలచుకోండి. ఈ నివేదికలో ఆ వ్యక్తి ఏ గడిలో ఉన్నారో గుర్తించండి. ఏ గడిలోనూ కనిపించకపోతే, ఆ సంగతిని కంపెనీ ఫిర్యాదుల విభాగానికి గాని, వాటాదారులైతే వార్షిక సమావేశానికి గాని ప్రశ్నగా వ్రాసి పంపండి.