ఆ మెమరీ కార్డు చెరిపేయకండి

గాలికొండ వ్యూ పాయింటు దగ్గర, చాపరాయి వాగు దగ్గర, వంజంగి కొండ మీద టూరిస్టులకు ఫొటోలు తీసి బతికే కుర్రాళ్లున్నారు. సీజన్ మొదలయ్యే ముందు విశాఖ వెళ్లి, అప్పు చేసి మరీ కెమెరా కొంటారు. "స్టాక్ పీసు తమ్ముడూ, సీలు తీశామంతే, కొత్తదే" అని కొట్లో అంటే నమ్మేస్తారు. ఆ మాట నిజమో కాదో కెమెరానే చెబుతుంది. అడగడం తెలియాలి.

డిజిటల్ ఫొటోలో బొమ్మతో పాటు కంటికి కనబడని వివరాలు కొన్ని రాసి ఉంటాయి. వాటిని ఎగ్జిఫ్ అంటారు. తీసిన తేదీ, సమయం, కెమెరా మోడల్, కొన్నింటిలో సీరియల్ నంబరు కూడా ఉంటాయి. నికాన్ కెమెరాలు చాలావరకు షట్టర్ అప్పటికి ఎన్నిసార్లు పడిందో ఆ లెక్కను కూడా ఫొటోలోనే రాస్తాయి. ఉచితంగా దొరికే ఎగ్జిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో చూడొచ్చు. కానన్‌లో చాలా మోడళ్లు ఆ లెక్క ఫొటోలో రాయవు, సర్వీసు సెంటరులో అడగాలి. ఫొటో ఫైలు పేరులో ఉండే నంబరును మాత్రం నమ్మొద్దు, అది మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టించవచ్చు. నికాన్ డి7500 షట్టరును కంపెనీ 1,50,000 సార్లకు పరీక్షించింది. "కొత్తది" అని ఇచ్చిన దాంట్లో లెక్క 60,000 ఉంటే దాని ఆయుష్షులో ఐదింట రెండు వంతులు వేరెవరో వాడేశారన్న మాట. పదుల్లో ఉంటే కంగారు పడనక్కర్లేదు, ఫ్యాక్టరీలో పరీక్షకు కొన్నిసార్లు నొక్కుతారు.

వాడిన వస్తువును కొత్తదని చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. "నువ్వు దాంతో డబ్బు సంపాదిస్తున్నావు కదా, వినియోగదారుడివి ఎలా అవుతావు?" అని దుకాణదారు వాదించవచ్చు. బెదరకండి. సొంతంగా పని చేసుకుంటూ పొట్ట పోసుకోవడానికి కొన్న వస్తువైతే కొన్నవాడు వినియోగదారుడే అని ఆ చట్టమే చెబుతోంది. కొన్న ఊళ్లోనే కేసు వేయాలని కూడా లేదు, మీరు ఉండే చోటు ఏ జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తే అక్కడ వేయవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. 5 లక్షల లోపు ధర పెట్టి కొన్నదానికి ఫీజు లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

ఇందులో చిక్కు ఒక్కటే. నెల తర్వాత లెక్క చూపిస్తే "ఆ ఫొటోలన్నీ నువ్వే తీసుంటావు" అంటారు. కాబట్టి డబ్బు కట్టే ముందే, కౌంటరు దగ్గరే ఒక ఫొటో తీసి లెక్క చూసుకోండి. ఆ ఫైలును, సీరియల్ నంబరు వేసిన బిల్లును భద్రం చేయండి. కెమెరా గడియారంలో తేదీ సరిగా పెట్టకపోతే ఫొటోలోనూ తప్పు తేదీయే పడుతుంది, అదీ సరిచూసుకోండి.

కెమెరా పోతే డబ్బు పోతుంది. భూమి పోతే ఊరే పోతుంది. నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఆ భూమి గురించే.

గిరిజనుల భూముల రక్షణకు తెచ్చిన 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో, అంటే షెడ్యూల్డు ప్రాంతంలో, భూమిని గిరిజనేతరుల పేర మార్చడం చెల్లదు. అమ్మింది గిరిజనేతరుడైనా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందేనని చట్టం ముందే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అతనిదే. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో, ప్రభుత్వం కూడా ఆ నిషేధానికి లోబడిందేనని సుప్రీంకోర్టు 1997లో తేల్చింది. ఇంత గట్టి చట్టం ఉన్నా విచారణలో వినిపించే వాదన ఒకటుంది: "ఈ కట్టడం ఎప్పటినుంచో ఉంది, మా తాతల నాటిది." మూడేళ్ల కిందట అదే చోట వలిసెలు పూసిన చేను ఫొటో మీ ఫోనులో ఉంటే, ఆ వాదనకు అదే జవాబు.

ఫోను కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది కాబట్టి టవర్ సిగ్నల్ లేని కొండ మీద కూడా పనిచేస్తుంది, కాకపోతే ఆరుబయట కాసేపు ఆగి తీయాలి. తీశాక గ్యాలరీలో వివరాలు తెరవండి. అరకు చుట్టుపక్కలైతే అక్షాంశం 18 డిగ్రీల పైన, రేఖాంశం 82 పైన చూపించాలి.

ఆ ఫొటోను మామూలుగా వాట్సాప్‌లో పంపారా, ఈ వివరాలన్నీ రాలిపోతాయి. అవతలికి చేరేది ఉత్త బొమ్మే. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి. అసలు ఫైలు ఉన్న ఫోనునో, మెమరీ కార్డునో చెరపకుండా దాచండి. ఎగ్జిఫ్‌ను మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఫొటో మూల మీద పడే తేదీ ముద్రనూ మార్చవచ్చు. ఆ అనుమానం రాకూడదనే కోర్టు అసలును అడుగుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, ఫొటో నకలు ఇచ్చేటప్పుడు ధ్రువపత్రం జత చేయాలి. ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేస్తారు. అందులో హాష్ విలువ రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఫైలులో చుక్క మారినా అది మారిపోతుంది. ఫోను యజమాని ఆ ఫోనుతోనే వచ్చి సాక్ష్యమిస్తే ధ్రువపత్రం అక్కర్లేదని పాత చట్టం కింద సుప్రీంకోర్టు 2020లో చెప్పింది.

అడవి భూమి సాగుకు ఇచ్చే పోడు పట్టాల సంగతి కొంచెం వేరు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నారని చూపాలి కాబట్టి ఇవాళ తీసిన ఫొటో ఒక్కటే సరిపోదు. అయితే గట్లు, చదును చేసిన నేల, పాత ఇల్లు, చెక్‌డ్యాము వంటి ఆనవాళ్లను అటవీ హక్కుల నియమాలు సాక్ష్యంగా ఒప్పుకుంటాయి. వాటిని లొకేషన్‌తో ఫొటోలు తీసి, ఊరి పెద్దల వాంగ్మూలంతో కలిపి గ్రామసభకు ఇవ్వండి. "శాటిలైట్‌లో అడవే కనిపిస్తోంది" అని తోసిపుచ్చితే ఊరుకోకండి. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యానికి తోడు మాత్రమే, దాని బదులు కాదని 2012లో నియమాల్లో చేర్చారు. సబ్ డివిజనల్ కమిటీ కాదంటే జిల్లా కమిటీకి వెళ్లడానికి 60 రోజుల గడువుంటుంది.

వీటిలో దేనికీ లాయరు ఫీజు చూసి ఆగిపోవద్దు. షెడ్యూల్డు తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని న్యాయ సేవాధికార కార్యాలయానికి వెళ్లండి. రాయడం రాకపోతే నోటితో చెప్పినా చాలు, అర్జీ అక్కడివాళ్లే రాసుకోవాలి.