రువాండా దేశమున యువజన గ్రామసేవ – మన సంఘములకు పాఠము



కొంతకాలము క్రిందట మేము మెట్టప్రాంతపు గ్రామమొకదానికి పోయి యుండగా, అచ్చటి సహకార సంఘ సభ్యులొకరు మమ్ము చెరువుగట్టునకు తోడుకొనిపోయి, వరుసగా త్రవ్వియున్న గుంటలను చూపిరి. పట్టణపు కళాశాల విద్యార్థులు వేసవికి ముందు వచ్చి, వారము దినములుండి, ఆ గుంటలలో మొక్కలు నాటి పోయిరి. ఊరివారు వారికి పూలదండలు వేసిరి, పటములు తీయించిరి. పిదప నీరు పోయువారు లేరు. కంచె కట్టువారు లేరు. మేకలు తినగా మిగిలినవి ఎండకు మాడిపోయినవి. “అయ్యా, పిల్లలు మంచివారే, చెమటోడ్చి పనిచేసిరి. గాని ఆ చెమట వలన మా యూరికి మిగిలిన దేమి?” అని వారు మమ్ము ప్రశ్నించిరి.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఏలయన, ఆ మొక్కల సంగతి ముందుగా మాటాడుకొన్న నాడు మేమును అచ్చట నుంటిమి. నాటువా రెవరని విచారించితిమే గాని, పెంచువా రెవరని మేమును అడిగినవారము కాము.

యువకుల సేవ ఎప్పుడు ఫలించును, ఎప్పుడు వ్యర్థమగును అను విషయమున మనకంటె ఎంతో కఠినమైన పరీక్షకు లోనైన దేశమొకటి ఆఫ్రికా ఖండమున కలదు. దాని పేరు రువాండా. ఈ నెల పాఠముగా ఆ దేశపు అనుభవమును మీ ముందుంచుచున్నాము.

దేశస్థితి

రువాండా చిన్న దేశము. దాని వైశాల్యము 26,338 చదరపు కిలోమీటర్లు. అనగా మన ఉమ్మడి అనంతపురము జిల్లాకు ఒకటిన్నర రెట్లయినను లేదు. దేశమంతయు కొండలే. జనులలో అధికులు చిన్నకమతముల రైతులు. కొండవాలుననే చిక్కుడు, చిలగడదుంప, అరటి, కాఫీ పండించుకొని జీవింతురు.

1994వ సంవత్సరము ఏప్రిల్ మొదలు జూలై వరకు, సుమారు నూరు దినములలో, ఆ దేశమున ఘోరమైన మానవసంహారము జరిగెను. టుట్సీ జాతివారిని, వారిని కాపాడబూనిన హుటూలను, ఎనిమిది లక్షలకు తక్కువ గాకుండ వధించిరి. పది లక్షలకు పైబడి యని ఆ దేశ ప్రభుత్వపు లెక్క. చంపినవారిలో అనేకులు పొరుగువారే. చేతబట్టినది పెక్కుచోట్ల పొలము పనిచేయు కత్తియే.

ఇందు మనము ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. ఆ సంహారమున ముందు నడచినది ఇంటరహామ్వె యను యువజన దళము. అది నాటి పాలకపక్షమునకు చెందిన యువకుల సంఘము. గ్రామము బాగుకొరకు అందరును కలసి పనిచేయు ఆచారమును గూడ నాటి అధికారులు వధకు వాడుకొనిరి. చంపుటకే “పని” యని పేరు పెట్టిరి. కావున యువకులు సంఘముగా కూడినంత మాత్రమున మేలు కలుగు నని తలంపరాదు. కాలువలో పారిన నీరు పైరును బ్రతికించును. గట్టు తెగిన నీరు అదే పైరును ముంచును.

ఉముగండా

సంహారము ముగిసిన పిమ్మట ఆ దేశమున మిగిలినవారు విధవలు, అనాథలు, తిరిగివచ్చిన కాందిశీకులు, కిక్కిరిసిన చెరసాలలు. ఇండ్లు కూలినవి, పాఠశాలలు పాడుపడినవి. న్యాయస్థానములు చాలక, గచాచా యను గ్రామసభలను దేశమంతట ఏర్పరచిరి. ఊరివారి యెదుటనే విచారణ చేయు ఆ సభలు 2012వ సంవత్సరమున ముగియునాటికి సుమారు 19 లక్షల అభియోగములను పరిష్కరించెను. చంపినవాడు శిక్ష ననుభవించి వచ్చి మరల అదే కొండపై, చచ్చినవాని భార్య పొలము ప్రక్కనే సేద్యము చేయవలసి యుండెను. ఇట్టివా రందరును కలసి ఒక పని చేయుట యెట్లు?

ఉముగండా యను మాటకు ఇల్లు కట్టునపుడు నిలుపు గుంజ యని అర్థము. పూర్వము ఒకరి యిల్లు కట్టుటకు ఊరివా రందరును తోడ్పడుచుండిరి. అది పాలకుల చేతిలో చెడిపోయిన విధము పైన చెప్పితిమి. క్రొత్త ప్రభుత్వము దానిని శుద్ధిచేసి మరల నెలకొల్పెను. 2007వ సంవత్సరపు శాసనము ననుసరించి, ప్రతి నెల చివరి శనివారము ఉదయమున, 18 మొదలు 65 ఏండ్ల వయస్సుగల వారందరును మూడు గంటలకు తక్కువ కాకుండ ఊరిపని చేయవలయును. బాటలు బాగుచేయుట, కాలువల పూడిక తీయుట, చెట్లు నాటుట, పాఠశాల గదులు కట్టుట మున్నగునవి ఆ పనులు. పని ముగిసిన వెంటనే అచ్చటనే కూర్చుండి ఊరి సంగతులు మాటాడుకొందురు. ఈ కూర్చుండుటయే పనికంటె ముఖ్యమని మా అభిప్రాయము. ఎదుటిపడిన మొగము త్రిప్పుకొనువారు ఒక గంట సేపు కాలువను గురించి యైనను మాటాడుదురు గదా!

ఉరుగెరెరో

హైస్కూలు చదువు ముగించిన యువతీయువకులకు 2013వ సంవత్సరమునుండి ఉరుగెరెరో యను జాతీయసేవ ఏర్పడినది. విశ్వవిద్యాలయమున చేరుటకు ముందు వీరు కొంతకాలము గ్రామసేవ చేయుదురు. బీదల యిండ్లు కట్టుట, చదువురాని పెద్దలకు అక్షరములు నేర్పుట, ఆరోగ్యపు బీమా సంగతి ఇంటింటికి తెలుపుట, పెరటితోటలు వేయుట వారి పనులు. చిన్న దిబ్బవలె మట్టిని గుండ్రముగా ఎత్తుచేసి, దానిపై తోటకూర మొదలగు కూరలు పెంచుట ఆ పెరటితోటల పద్ధతి. పది గజముల స్థలము లేని బీదయింట గూడ ఇది సాగును.

కొండవాలున అంచెలు అంచెలుగా గట్లు తీర్చుట మరియొక పని. వానకు మన్ను కొట్టుకొనిపోకుండ, పైమన్నును ముందుగా ఒక ప్రక్కకు తీసి యుంచి, అడుగు మన్నును చదును చేసి, పైమన్నును మరల పరచి, గట్టుపై గడ్డి నాటుదురు. ఆ గడ్డి గట్టును నిలుపును. పశువులకు మేతయు నగును. పైమన్నును కలిపివేసినచో రెండు మూడేండ్లు పంట తగ్గును. కావున బలము చాలదు, పద్ధతి తెలిసినవాడు దగ్గర నుండి చూపవలయును.

మరబా కాఫీ సంఘము

యువకుల శిక్షణ వలన సంఘము ఎట్లు బలపడునో తెలియుటకు, ఆ దేశపు దక్షిణభాగమున మరబా యను చోటి సంగతి వినుడు. 1999వ సంవత్సరమున అచ్చటి కాఫీ రైతులు సుమారు 220 మంది కలసి అబహుజముగంబి యను సంఘమును స్థాపించిరి. ఒకే లక్ష్యముగల వారని ఆ పేరునకు భావము. అంతకుముందు దళారీలు చెప్పినదే ధర. మంచి పండునకును చెడ్డ పండునకును భేదము లేదు. సభ్యులలో భర్తలను పోగొట్టుకొన్న స్త్రీలనేకులు.

సమీపమున బుటారే పట్టణమున నాడు జాతీయ విశ్వవిద్యాలయము ఉండెను. సంఘము తరఫున సహాయము కోరగా, ఆ విశ్వవిద్యాలయమును అమెరికా దేశపు విశ్వవిద్యాలయములు రెండును కలసి తోడ్పడినవి. 2001వ సంవత్సరమున మరబాలో కాఫీ కడుగు కేంద్రము కట్టబడెను. ఎఱ్ఱగా పండిన పండ్లనే ఏరి, కోసిన దినముననే తోలు తీసి, పులియబెట్టి, కడిగి, ఎత్తైన బల్లలపై ఆరబెట్టుట అచ్చట నేర్పిరి. కాఫీని రుచిచూచి గుణము నిర్ణయించు విద్యయందు ఆ దేశపు యువకులే శిక్షణ పొందిరి. ఇది చిన్న విషయము కాదు. తన సరకు గుణము తనకు తెలియని రైతు బేరమాడలేడు. దళారి చెప్పినది నమ్మవలసినదే. తన యూరి బిడ్డ రుచిచూచి “ఇది మొదటితరగతి” యని చెప్పగలిగిన నాడు, రైతు తలయెత్తి ధర అడుగును.

మరబా కాఫీ కొలదికాలములోనే ఇంగ్లండు, అమెరికా దేశముల అంగళ్లకు పోయెను. ఆ మార్గమున ఇతరులును నడచిరి. 2015 నాటికి దేశమున ఇట్టి కేంద్రములు రెండువందలు దాటినవి.

విద్యాలయపు సహాయము ముగిసినను విద్య ఊరిలో నిలిచినది. మా చెరువుగట్టు మొక్కలకును దీనికిని భేదము ఇదియే. అచ్చట వచ్చినవారు పని చేసి పోలేదు. పనివారిని చేసి పోయిరి.

పెయ్యదూడ నియమము

2006వ సంవత్సరమున గిరింకా యను పథకము క్రింద బీదకుటుంబమునకు ఒక్కొక్క ఆవు నిచ్చుట ప్రారంభించిరి. “నీకు ఆవు కలుగుగాక” యని ఆ మాటకు అర్థము. మన పెద్దలు “పాడిపంటలతో వర్ధిల్లుము” అని దీవించునట్లు. ఆవును పొందినవారు దానికి పుట్టిన మొదటి పెయ్యదూడను మరియొక బీదకుటుంబమున కీయవలయును. విద్యకును ఈ నియమమే తగును. నేర్చినవాడు మరియొకనికి నేర్పనిచో ఆ విద్య ఒక యింటిలోనే ముసలిదగును.

దోషములు

ఇందు దోషములు లేవని చెప్పము. ఉముగండాకు రానివారికి 5,000 ఫ్రాంకుల వరకు జరిమానా విధింపవచ్చును. జరిమానాకు భయపడి చేయునది సేవ యగునా యని ప్రశ్నించువారు కలరు. అధికారుల మాటకు ఎదురు చెప్పుట అచ్చట సులభము కాదనువారును కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వెట్టిచాకిరి యేమో తెలుగుదేశపు రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. దొర గడీలో మన తాతలు చేసినదియు నలుగురును కలసి చేసిన పనియే. గాని అది వారు కోరినది కాదు, దాని ఫలము వారికి దక్కలేదు. కోరికయు ఫలమును ఎవరివో చూచినచో, సేవ యేదో వెట్టి యేదో తెలియును.

మన సంఘములు చేయదగినది

మన గ్రామములకు వ్యవసాయ కళాశాలల విద్యార్థులు చివరి సంవత్సరమున అనుభవము కొరకు వచ్చుచున్నారు. జాతీయ సేవాపథకము క్రింద ఇతర కళాశాలలవారును వారము దినముల శిబిరములకు వచ్చుచున్నారు. వారిని దండలతో గాక పనితో ఆహ్వానింపవలయును. అందులకు ఐదు నియమములు సూచించుచున్నాము.

మొదటిది: పనిని సంఘము కోరవలెను. విద్యార్థులు రాకముందే సభ చేసి, ఏ పని కావలయునో తీర్మానముల పుస్తకమున వ్రాసికొనుడు.

రెండవది: ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క రైతును, ఊరి యువకు నొకనిని, లేక యువతి నొకతెను జతచేయుడు. చేయునది విద్యార్థి కాదు, ఆ జత.

మూడవది: ఊరిలో నిలుచు విద్యనే కోరుడు. ఉదాహరణకు విత్తనముల మొలక పరీక్ష. నూరు గింజలను తడిగోనె గుడ్డపై వరుసగా పేర్చి, చుట్టి, నీడలో నుంచి, తడి ఆరకుండ కాపాడి, వారము పదిదినములకు విప్పి లెక్కింపవలయును. వరి 80, వేరుశనగ 70 గింజలకు తక్కువ కాకుండ మొలచిన మంచిది. ఇట్లే మట్టినమూనా తీయుట: పొలమున పది పదునైదు చోట్ల, ఆరంగుళముల లోతున మట్టి తీసి, కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగముల నుంచి, అరకిలో మిగులువరకు అట్లే తగ్గింపవలయును. సంఘపు చిట్టా, ఆవర్జాలు చదువుటయు ఇట్టి విద్యయే. ఇవి నేర్చిన పిల్లలు ఇద్దరున్నచో దుకాణదారుడును, లెక్క తప్పు వ్రాయువాడును జాగ్రత్తపడుదురు.

నాలుగవది: వారు పోయిన మరునాటి పని ఎవరిదో, పేరు వ్రాసికొనుడు. పేరు లేని బాధ్యత ఎవరిదియు కాదు.

ఐదవది: వచ్చిన పిల్లలను జీతము లేని గుమాస్తాలుగ వాడుకొనకుడు. వారి భోజనము, బస, రాకపోకల సంగతి ముందుగా నిర్ణయింపుడు. మన ఊరి యువకుల దినకూలి పోవుచున్నచో దానిని గూడ ఆలోచింపుడు.

రువాండాలో చేతికి కత్తి నిచ్చినవారును పెద్దలే, పిదప పలుగు నిచ్చినవారును పెద్దలే. మన యూళ్లలో అట్టి సంహారము లేకపోవచ్చును. గాని కులముల కక్షలు, కక్షల వీథులు, ఎన్నికల వైరములు లేవా? పనిలేని యువకుని ఎవరో ఒకరు పిలుతురు. ముందుగా పిలుచునది మన సంఘము కావలయును.

మేము మొదట చెప్పిన గ్రామమున సభ్యులు గుంటలను పూడ్చక అట్లే యుంచిరి. వచ్చు తొలకరికి వాటిలో మరల మొక్కలు పెట్టుదు మనియు, ఈసారి ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క ఇంటిపేరు వ్రాయుదు మనియు చెప్పిరి. ఆ పేర్ల పట్టిక వ్రాయుటకు మేమును పోవలసి యున్నది.

సంఘసభలో చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన యూరిలో ఇదివరకు జరిగిన శ్రమదానములలో నేడు నిలిచియున్న దేది? నిలువని దేది? ఏల?
2. మన సభ్యులకు తెలియక నష్టపడుచున్న విద్య యేది? దానిని నేర్చుకొనదగిన యువకు లెవరు?
3. మన సంఘమునకు వచ్చుట మానిన వీథి యేది? వారిని పిలుచు పని ఎవరిది?