గోడకు రఫూ



చిరిగిన షేర్వానీని రఫూగరు చేతికిచ్చినచో ఆతడు అదే వస్త్రపు లోపలి అంచునుండి దారము లాగి, పోగు పోగున అల్లి, చిరుగు కానరాకుండ చేసి ఇచ్చును. మరియొక గుడ్డముక్క వేసి కుట్టినది అతుకు, ఇది రఫూ. ఈ రెంటికి గల భేదమే గోడలకును వర్తించునని మేము ఒక వేసవి సెలవులలో చేతులు మాపుకొని తెలిసికొంటిమి. తెలుగువారు నిత్యము పలుకు ‘మరమ్మతు’ అరబ్బీనుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చిన మాట. మాట మన భాషలో అతుకు తెలియకుండ కలిసిపోయినది. పని మాత్రము అంత చక్కగా కలియుట లేదు.

మన సభామందిరపు తూర్పు గోడపై తొలినాటి దాతల పేర్లు కుడివైపున ఉర్దూలోను, ఎడమవైపున తెలుగులోను రంగుతో వ్రాయబడియున్నవి. ఒక వానకాలమున కప్పునుండి నీరు దిగి రెండుచోట్ల పెచ్చులూడెను. ఆనాడు తొందరలో సిమెంటుతో పూడ్పించిరి. ఏడాది తిరుగకముందే ఆ సిమెంటు చుట్టును తెల్లని ఉప్పు పూసి, మంచి గచ్చు కూడ రాలసాగెను. కారణము సులభము. నల్లగొండ, పాలమూరు ప్రాంతములలోని పాత గోడలు సున్నపు గచ్చువి. సున్నము తేమను పీల్చును, విడుచును. గట్టి సిమెంటు ఆ తేమను అంత సులువుగ పోనీయదు. దారి లేని తేమ అంచులవెంట వెలువడి, తనతో తెచ్చిన ఉప్పును అచ్చట వదలిపోవును.

గోడ మొత్తమునకు కొత్త పెయింటు వేసి, పేర్లను పాలరాతిపై చెక్కింపవచ్చునని కమిటీలో ఒక ప్రతిపాదన వచ్చినది. అది చెడ్డ ఆలోచన కాదు. ఖర్చును పెద్దది కాదు. కాని ఆ అక్షరములు వ్రాసిన చేయి మరల రాదు. మేము ఒక్క వేసవి గడువు కోరితిమి.

ముందుగా కప్పు కారుట మాన్పించితిమి. అది చేయనిదే తక్కినదంతయు వృథా. పిదప ఒక మేస్త్రీ సాయముతో సిమెంటును చిన్న ఉలితో తొలగించి, గుంటను తడిపి, బాగుగ నానిన సున్నము ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు కలిపి పలుచని పూతలుగ పూసితిమి. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మెల్లగ గట్టిపడును గాన త్వరపడరాదు. మేము త్వరపడితిమి. ఇనుప తాపీతో నున్నగ రుద్ది మురిసిపోతిమి. మరునాటి ఉదయము కిటికీ వెలుగు ఏటవాలుగ పడగనే ఆ మేర అద్దమువలె మెరసినది. చుట్టునున్న పాత గోడ గరుకుగ నిలిచినది. రంగు కలియకముందే మేను కలియవలెనని అప్పుడు బోధపడెను. పై పూత గీకి, మరల పూసి, తడి ఆరకముందే గోనెగుడ్డతో రుద్దిన మీదట గోడకు పాత గరుకుదనము వచ్చినది.

రంగు విషయమున ఇంతకంటె పెద్ద పొరపాటే చేసితిమి. తడి సున్నము మసకగ నుండి, ఆరిన పిమ్మట తెల్లబడును. తడిలో సరిపోయినదని సంతోషించిన పూత తెల్లవారునప్పటికి పాలమీగడవలె వెలిగినది. అందుచే పెంకుముక్కలపై అదే గచ్చు పూసి, వేర్వేరు పాళ్లలో రంగు వేసి, ఆరనిచ్చి, గోడకు ఆనించి చూచితిమి. ఏడవ పెంకు కుదిరినది: సున్నములో కొంచెము నీలము, దానికి సగము పసుపుమన్ను, చిటికెడు దీపపుమసి. ఆ మసియే ఏండ్ల ధూళికి బదులు. కొత్త గచ్చు రంగునీటిని ఎక్కువ పీల్చును గాన ముందుగ సున్నపుతేట పట్టించితిమి. అంచున గీత పడకుండ కుంచెను నడుమనుండి వెలుపలికి, పోను పోను పలుచగ, లాగితిమి.

డబ్బాలలో వచ్చు నేటి రంగులకును ఈ సూత్రమే. మిగిలిన రంగును, దాని సంఖ్యను దాచవలెను. మొదట రోలరుతో వేసినచో రోలరుతోనే దిద్దవలెను. గోడ వెలిసియున్నచో మచ్చకు మాత్రమే కాక మూలనుండి మూలవరకు వేయవలెను.

గోడ కలిసినది. అసలు చిక్కు అటుపిమ్మట వచ్చినది. అయిదవ పంక్తిలో ఒక పేరు మొదట పెచ్చు ఊడియున్నది. తెలుగు వైపున ‘సీర్’ అని మాత్రమే మిగిలినది. ఉర్దూ వైపున అక్షరరూపము కలదు గాని దాని చుక్క పోయినది. చుక్క పైనున్నచో నసీర్, క్రిందనున్నచో బసీర్. ఒక పెద్దలు ఒకటనిరి, మరియొకరు రెండవదనిరి. మా కుంచె అప్పటికి ఎంత నేర్చినదనగా, ఏ చుక్క పెట్టినను అది పాతదేయని అందరును నమ్మియుందురు. అదియే మాకు భయమైనది.

ఈ భయము పెద్దచోట్ల పెద్దవారికిని కలిగినదే. మన జిల్లాలు నైజాము రాజ్యమున నున్నప్పుడు, అదే రాజ్యములోని అజంతా చిత్రములకు 1920–22 ప్రాంతమున మరమ్మతు జరిగినది. గులాం యజ్దానీ పురావస్తుశాఖాధిపతిగ నుండగా, ఇటలీనుండి వచ్చిన చెక్కోని, ఓర్సీని అను నిపుణులు రాలుచున్న గచ్చును నిలిపిరి. అది మేలే. కాని రక్షణకై పూసిన లక్కమెరుగు కాలక్రమమున పచ్చబడి చిత్రములను కప్పినది. తరువాతి తరముల రసాయనవేత్తలు దానిని ఓపికతో తొలగింపవలసి వచ్చెను. రోమునగరమున 1939లో స్థాపితమైన పునరుద్ధరణ సంస్థలో చేసారే బ్రాందీ మార్గదర్శకత్వమున మరియొక పద్ధతి రూపొందినది: పోయినచోట సన్నని నిలువు గీతలతో రంగు నింపుదురు. దూరమునుండి చిత్రము నిండుగ కనబడును. దగ్గరకు పోయినచో కొత్తదేదో పాతదేదో తెలియును. పూర్వము నల్లగొండ జిల్లాలోను, 2016 నుండి సూర్యాపేట జిల్లాలోను ఉన్న పిల్లలమఱ్ఱి ఆలయములలో కాకతీయుల కాలపు రంగుచిత్రముల ఆనవాళ్లు కలవు. మన విద్యార్థులు అచ్చటికి పోయినప్పుడు శిల్పములతో తృప్తిపడక తల యెత్తి వానిని కూడ చూడవలెను.

మేము గోడ రంగును కలిపి, అక్షరములను వదలితిమి. అయిదవ పంక్తిలో చుక్క లేదు. కమిటీవారు అంగీకరించిరి, ఒకరిద్దరు ఇష్టము లేకయే. ఏడవ పెంకును, పాళ్లు వ్రాసిన కాగితమును గ్రంథాలయపు బీరువాలో నుంచితిమి. తొలినాటి చందా రసీదు ఎవరి యింటనైన నున్నచో కార్యాలయమున చూపగోరుచున్నాము. చుక్క పెట్టుటకు రంగు సిద్ధముగనే యున్నది.