మొదటి మెట్టు, తోడుగా ఒక మనిషి



అమీర్‌పేటలో ఒక దుకాణంలో పనిచేసే సోదరుడు మా వార్డుకు మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ భార్యే వెంటబెట్టుకొని వచ్చింది. వచ్చిన ప్రతిసారి వారం పది రోజులు ఉండేవారు. చేతుల వణుకు తగ్గి, నిద్ర పట్టి, అన్నం సహించిన తరువాత "ఇక ముట్టను" అని చెప్పి వెళ్ళేవారు. ఆ మాట అబద్ధం కాదు. చెప్పే సమయానికి అది ఆయన మనసులోని మాటే.

మూడవసారి ఇంటికి వెళ్ళే రోజున మందుల చీటీ చేతిలో పట్టుకొని ఆయన ఒక ప్రశ్న అడిగారు. "సిస్టర్ గారూ, గోలీలు ఇచ్చిన్రు, మంచిగనే ఉంది. గని రాత్రి దుకాణం బంద్ చేసి బయటికి రాంగనే వైన్స్ ముందలికెల్లే పోవాలె. అప్పుడు నేను ఎవరికి ఫోన్ చెయ్యాలె?"

ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. ధైర్యంగా ఉండమని మాత్రం చెప్పి పంపాము. అది చాలదని తరువాత తెలిసింది. ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం. (ఆయన ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాము.)

మొదట డాక్టరు

ఒక హెచ్చరికతో ప్రారంభిద్దాం. చాలాకాలంగా రోజూ ఎక్కువగా త్రాగేవారు ఇంట్లో ఒక్కసారిగా మానకూడదు. ఆపిన 6 నుండి 48 గంటలలో ఫిట్స్ రావచ్చు. రెండవ రోజు నుండి నాలుగవ రోజు మధ్య మతిభ్రమణ, లేనివి కనిపించుట, తీవ్రమైన చెమటలు, జ్వరం రావచ్చు. ఇది ప్రాణాపాయం. ఆల్ప్రాజోలం వంటి మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారికి కూడా ఇటువంటి ప్రమాదమే ఉంది. కాబట్టి మొదట ఆసుపత్రికి రండి. వణుకును, ఫిట్స్‌ను అదుపు చేసే మందులు, విటమిన్ బి1 అక్కడ ఇస్తారు. శరీరం కుదుటపడడానికి కొన్ని రోజులు చాలు. మనసు కుదుటపడడానికి ఎక్కువ కాలం పడుతుంది. మెట్ల కార్యక్రమం ఆ రెండవ పనికి.

ఈ మార్గం ఎలా పుట్టింది?

1935 మే నెలలో బిల్ విల్సన్ అనే వ్యాపారి అమెరికాలోని ఏక్రన్ పట్టణానికి పనిమీద వెళ్ళాడు. త్రాగుడు మాని అప్పటికి కొద్ది నెలలే. పని చెడిపోయింది. హోటలు వరండాలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒకవైపు బారు, మరొకవైపు టెలిఫోను. అతడు టెలిఫోను వైపు నడిచి, ఆ ఊరి పాదిరులకు ఫోన్ చేసి, తనలాగే త్రాగుడుతో బాధపడే మరొక మనిషితో మాట్లాడాలని అడిగాడు. ఆ విధంగా డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌ను కలిశాడు. డాక్టర్ బాబ్ చివరిసారి త్రాగిన 1935 జూన్ 10వ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా ఏ.ఏ., పుట్టినరోజుగా లెక్కిస్తారు.

గమనించారా? మన సోదరుడు అడిగిన ప్రశ్నే బిల్‌కు కూడా ఎదురైంది. ఎవరికి ఫోన్ చెయ్యాలి? తనలాంటి మరొకరికి. ఈ కార్యక్రమానికి అదే మూలం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాలు మూయించారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. చట్టం దుకాణాన్ని మూయగలదు, మళ్ళీ తెరవగలదు. తెరిచి ఉన్న దుకాణం ముందు నుండి నడిచి ఇంటికి చేరడం మాత్రం ఒక్కొక్కరూ నేర్చుకోవలసిన విషయం.

మెట్లలో ఏముంది?

పన్నెండు మెట్లను సులువుగా నాలుగు భాగాలుగా చూద్దాం.

1 నుండి 3: మద్యం ముందు నా బలం చాలదని ఒప్పుకొనుట, నాకంటే గొప్ప శక్తి సహాయం చేయగలదని నమ్ముట, ఆ శక్తికి నన్ను అప్పగించుకొనుట.

4 నుండి 7: నా జీవితాన్ని నిజాయితీగా లెక్క వ్రాసుకొనుట, దానిని దేవుని ఎదుట, మరొక మనిషి ఎదుట చెప్పుట, నా లోపాలు తొలగించమని వేడుకొనుట.

8, 9: నేను బాధపెట్టినవారి జాబితా వ్రాసి, వీలైన చోట సరిచేసుకొనుట. అయితే ఆ పని ఎవరికైనా హాని కలిగిస్తుందనుకుంటే చేయకూడదు.

10 నుండి 12: ప్రతిదినం నన్ను నేను పరీక్షించుకొనుట, ప్రార్థన, ధ్యానం, పొందిన సహాయాన్ని మరొక బాధితునికి అందించుట.

"ఇది ఏ మతం వారిది?" అని చాలామంది అడుగుతారు. ఏ మతానిదీ కాదు. దేవుడిని ఎవరికి అర్థమైన విధంగా వారు తలుచుకోవచ్చు. ఒకే బల్ల చుట్టూ హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, ఏ నమ్మకమూ లేనివారు కూర్చుంటారు.

ఇది పనిచేస్తుందా? 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను పరిశీలించింది. ఏ.ఏ. వైపు నడిపించే క్రమబద్ధమైన చికిత్స పొందినవారిలో పూర్తిగా మానివేసి నిలబడినవారు ఇతర చికిత్సల కంటే ఎక్కువగా ఉన్నారని అందులో తేలింది. అయినా ఇది మందులకు బదులు కాదు. రెండూ కలిసి నడవవచ్చు.

మొదటి మీటింగు

సభ్యత్వానికి ఒక్కటే షరతు: త్రాగుడు మానాలనే కోరిక. ఫీజు లేదు. పూర్తి పేరు చెప్పనక్కరలేదు. కొన్ని మీటింగులు అందరికీ, కొన్ని బాధితులకు మాత్రమే, కనుక ముందుగా అడిగి వెళ్ళండి. ఒక్కొక్కరూ తమ అనుభవం చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, సలహాలు ఇవ్వరు. మీకు మాట్లాడాలని లేకపోతే పేరు చెప్పి వినండి, చాలు. ఒక్క మీటింగుతో నిర్ణయించుకోకండి. మొదటి 90 రోజులలో 90 మీటింగులకు వెళ్ళమని పాతవారు చెబుతారు. అంత వీలుకాకపోతే వీలైనన్నిటికి వెళ్ళండి. అమీర్‌పేట, పంజాగుట్ట, బంజారా హిల్స్ వైపు ఉండేవారు పగలు పనిలో ఉంటారు కనుక, త్రాగాలనిపించే సాయంత్రపు గంటలోనే మీటింగుకు వెళ్ళడం మంచిది.

స్పాన్సర్ అంటే ఎవరు?

స్పాన్సర్ అంటే డబ్బు పెట్టేవాడు కాదు. డాక్టరు కాదు, గురువు కాదు. మనకంటే ముందు ఈ దారిలో నడిచి, మెట్లు ఎలా ఎక్కాలో చూపించే తోటి బాధితుడు. ఎంచుకొనేటప్పుడు ఇవి చూడండి:

- కనీసం ఒక సంవత్సరం నుండి త్రాగకుండా ఉన్నవారు, మెట్లు తామే పూర్తి చేసినవారు.
- తమకు కూడా ఒక స్పాన్సర్ ఉన్నవారు.
- పురుషులకు పురుషుడు, స్త్రీలకు స్త్రీ అయితే మంచిది.
- బంధువు, పై అధికారి, మీరు అప్పుపడినవారు వద్దు.
- మాటల కంటే బ్రతుకు చూడండి. భార్యాపిల్లల గురించి ఎలా మాట్లాడుతున్నారో వినండి.

అడగడం కష్టమని అనుకుంటారు. మీటింగు అయిన తరువాత టీ త్రాగే సమయంలో, "అన్నా, నేను కొత్త. మెట్లు ఎట్ల మొదలుపెట్టాల్నో చూపిస్తరా? కొన్ని రోజులు నాకు స్పాన్సర్‌గ ఉంటరా?" అంటే సరిపోతుంది. వారికి వీలుకాకపోవచ్చు. అది మీకు అవమానం కాదు, మరొకరిని అడగండి. పొసగకపోతే మర్యాదగా చెప్పి మార్చుకోవచ్చు.

త్రాగిన తరువాత కాదు, త్రాగకముందే ఫోన్ చేయండి. ఏమీ ఇబ్బంది లేని రోజున కూడా చేయండి. అప్పుడే కష్టమైన రోజున చెయ్యి ఫోను మీదకు వెళుతుంది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట – ఈ నాలుగింటిలో ఏది ఉన్నా జాగ్రత్త పడండి. ఒక మాట: మానసిక వ్యాధికి వాడే మందులు ఆపమని చెప్పే అధికారం స్పాన్సర్‌కు లేదు. అది డాక్టరుతోనే మాట్లాడాలి. డబ్బు అడిగినా, తప్పుగా ప్రవర్తించినా వెంటనే దూరం కండి.

ఇంటివారికి

అమ్మా, మీరు సీసాలు దాచినా, ఒట్టు వేయించినా మానలేదంటే తప్పు మీది కాదు. కుటుంబాల కోసం 1951 నుండి అల్-అనాన్ అనే వేరే గుంపు ఉంది. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్ళవచ్చు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం జరుగుతుంటే ముందు మీ క్షేమం, పిల్లల క్షేమం చూసుకోండి.

మళ్ళీ త్రాగితే?

సిగ్గుతో దాక్కోకండి. ఆ రోజే స్పాన్సర్‌కు చెప్పండి, మరుసటి మీటింగుకు వెళ్ళండి. రోజూ త్రాగడం మళ్ళీ మొదలైతే ఆసుపత్రికి రండి. తిట్టకుండా చేర్చుకోవడం మా పని. ఫోనులో ఉచిత సలహాకు టెలీ మానస్ 14416, మత్తు విడుపు సహాయానికి 14446 ఉన్నాయి.

ఆ సోదరుని సంగతి చెప్పాలి కదా. నాలుగవసారి ఆయన వచ్చినప్పుడు మేము మందుల చీటీతో పాటు ఒక మీటింగు సమయం కూడా వ్రాసి ఇచ్చాము. మొదటిరోజు తోడుగా వెళ్ళడానికి ఒక పాత సభ్యుడు వార్డుకే వచ్చారు. ఇప్పుడు దుకాణం మూసే సమయానికి ఆయన ఫోన్ చేసే నంబరు ఒకటి ఉంది. జీవితాంతం మానుతానని ఆయన ఇప్పుడు చెప్పడం లేదు. "ఈ రోజుకు తాగలే" అంటున్నారు. మేము కూడా అంతకంటే ఎక్కువ అడగడం లేదు.

ఆలోచించండి, వ్రాసుకోండి

1. రోజులో ఏ గంట మీకు అన్నిటికంటే కష్టమైనది?
2. ఆ గంటలో మీరు ఫోన్ చేయగల మనిషి ఎవరు?
3. ఎవరూ లేకపోతే, ఈ వారంలో మీరు వెళ్ళబోయే మీటింగు ఏ రోజున?