పోటీ పరీక్షల ప్రత్యేకం: కోఠీలో ప్రేమ, గూఢచర్యం

నాంపల్లిలోని పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షలకు చదివేవారు అబిడ్స్ పక్కనున్న గన్‌ఫౌండ్రీని మరవొద్దు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోయించిన చోటది. 1798 మార్చిలో ఆయన చనిపోయాడు. సెప్టెంబరు 1న నిజాం అలీఖాన్ బ్రిటిష్‌వారితో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో ఫ్రెంచి అధికారుల కిందున్న సుమారు 14,000 మంది దళాన్ని నిరాయుధం చేశారు.

ఆ ఎత్తుగడ నడిపిన బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. హైదరాబాదీ కులీన వంశపు ఖైరున్నీసాను ప్రేమించి పెళ్లాడాడు. ఆయన విధేయత ఎవరికన్న అనుమానంతో గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణ జరిపించాడు. కిర్క్‌పాట్రిక్ తన బేగం ఖైరున్నీసా తోటలో, కోఠీలోని రెసిడెన్సీ భవనానికి బుల్లి నమూనా కట్టించాడు. నన్ను ఎక్కువగా కదిలించేది అదే.

జాగ్రత్త: ఈ కథ చెప్పిన విలియం డాల్రింపుల్ ‘వైట్ మొఘల్స్’ (2002) నవల కాదు, చరిత్ర గ్రంథం. కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో మరణించాడు.